పార్ట్‌నర్ కోర్టు ఆర్డర్‌ను లెక్కచేయకపోతే: ఆర్డర్ రాయించుకునే రోజు నుంచి ధిక్కార పిటిషన్ దాకా

మిల్లులో మీకూ వాటా ఉంది, లెక్కల పుస్తకాలు మాత్రం అవతలి పార్ట్‌నర్ బీరువాలో ఉన్నాయి. కోర్టుకు వెళ్లి ఇంజంక్షన్ (ఫలానా పని చేయొద్దనే కోర్టు ఆర్డర్) తెచ్చుకున్నారు. అయినా రాత్రిపూట బస్తాలు లారీ ఎక్కుతున్నాయి, బ్యాంకు ఖాతా తరిగిపోతోంది. "జైల్లో వేయించండి" అంటూ వకీలు దగ్గరికి పోతే ఆయన అడిగేవి రెండే. ఆర్డర్‌లో సరిగ్గా ఏ మాట ఉంది? అది అవతలివాళ్లకు తెలుసనడానికి రుజువేది? ధిక్కార పిటిషన్లు ఎక్కువగా ఓడిపోయేది ఈ రెండింటి దగ్గరే. కాబట్టి ఈ పని ఆర్డర్ అడిగే రోజునే మొదలుపెట్టాలి. మిర్యాలగూడలో రైస్ మిల్లయినా, నల్లగొండలో బత్తాయి వ్యాపారమైనా, బాదేపల్లిలో పల్లీ కొనుగోళ్లయినా పద్ధతి ఇదే.

కేసు వేసే ముందు చూసుకోవాల్సినవి

పార్ట్‌నర్‌షిప్ డీడ్ తీసి చివరి పేజీల దాకా చదవండి. "వివాదాలు ఆర్బిట్రేటర్ ద్వారా తేల్చుకోవాలి" (అంటే కోర్టు బయట తీర్పు చెప్పే మధ్యవర్తి ద్వారా) అనే క్లాజు ఉంటే మామూలు దావా వేసినా అవతలివాళ్లు 1996 ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 8 చూపించి ఆపిస్తారు. అలాంటప్పుడు సెక్షన్ 9 కింద కోర్టులో మధ్యంతర ఆర్డర్ అడగాలి. ఆర్డర్ వచ్చిన 90 రోజుల్లోపు ఆర్బిట్రేషన్ మొదలుపెట్టాలి. ఆర్బిట్రేటర్ వచ్చాక ఆయనే సెక్షన్ 17 కింద ఆర్డర్ ఇస్తారు. 2015 సవరణ తర్వాత అది కోర్టు ఆర్డర్‌లాగే అమలవుతుంది.

ఫర్మ్ రిజిస్టర్ కాలేదా? మన జిల్లాల్లో స్టాంపు పేపరు మీద డీడ్ రాసుకుని అక్కడితో ఆపేసినవాళ్లు చాలామంది ఉన్నారు. 1932 భాగస్వామ్య చట్టం సెక్షన్ 69 ప్రకారం రిజిస్టర్ కాని ఫర్మ్‌లో పార్ట్‌నర్ ఒప్పందం మీద హక్కు కోసం దావా వేయలేడు. ఫర్మ్‌ను డిజాల్వ్ చేయమని, లెక్కలు తేల్చమని మాత్రం వేయొచ్చు. కాబట్టి దావాను ఆ రూపంలోనే వేసి, దాని కిందే ఇంజంక్షన్ అడగండి. పునాది తప్పితే ఆ దావాలో వచ్చిన ఇంజంక్షన్ ఎప్పుడైనా ఎగిరిపోవచ్చు.

విలువ 3 లక్షల రూపాయలు, ఆపైన ఉంటే భాగస్వామ్య వివాదం 2015 కమర్షియల్ కోర్టుల చట్టం కిందికి వస్తుంది. అత్యవసరంగా ఇంజంక్షన్ అడగని దావాకు ముందు మీడియేషన్‌కు వెళ్లి తీరాలని పాటిల్ ఆటోమేషన్ కేసులో 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. సూర్యాపేట, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, నారాయణపేటలకు ఇప్పుడు వేరే జిల్లా కోర్టులున్నాయి. పాత అలవాటుతో నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో పరుగెత్తకుండా, వ్యాపారం ఎక్కడ నడుస్తోంది, డీడ్ ఎక్కడ రాసుకున్నారు అన్నది చూసి ఏ కోర్టో వకీలుతో ఖాయం చేసుకోండి.

ఆర్డర్‌లో ఏ మాటలు ఉండాలి

ధిక్కారం విచారించే కోర్టు ఆర్డర్‌లో రాసిన దాన్ని దాటి ఒక్క అడుగు కూడా వేయదు. రాయని దాన్ని "ఉద్దేశం అదే కదా" అని మీరు కలుపుకుంటే ఒప్పుకోదు. రెండు అర్థాలు వచ్చే ఆర్డర్ అయితే అవతలివాళ్లు తమకు అనుకూలమైన అర్థం చెప్పి బయటపడతారు.

"ప్రతివాదులు వ్యాపారానికి ఆటంకం కలిగించరాదు" అన్న వాక్యం మీద ధిక్కారం నిరూపించడం చాలా కష్టం. ఆటంకం అంటే ఏమిటో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. "స్టేటస్ కో పాటించాలి" అన్న ఆర్డర్ ఇంకా ప్రమాదం. ఆ రోజున తాళం ఎవరి దగ్గరుంది, స్టాకు ఎంత, ఖాతాలో ఎంత ఉంది అన్నది రికార్డులో లేకపోతే, యథాస్థితి ఏమిటన్న దగ్గరే వాదన ఆగిపోతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ)లోని ఆర్డర్ 39 (ఇక్కడ ఆర్డర్ అంటే ఆ కోడ్‌లో ఒక అధ్యాయం) రూల్ 1, 2 కింద పిటిషన్ వేసేటప్పుడు ప్రార్థనను, అంటే కోర్టును ఏం కోరుతున్నారో ఆ భాగాన్ని, ఇలా ముక్కలుగా రాయించండి:

1. ఫలానా బ్యాంకు, ఫలానా బ్రాంచిలోని ఫలానా నంబరు ఖాతా నుంచి వాది సంతకం లేకుండా డబ్బు తీయరాదు, బదిలీ చేయరాదు.
2. 'ఎ' షెడ్యూల్‌లో చూపిన గోదాంలోని ధాన్యం, బియ్యం, నూక, తవుడు రిజిస్టర్‌లో రాయకుండా, వాదికి ముందుగా రాతపూర్వకంగా తెలపకుండా బయటికి పంపరాదు.
3. వాది ప్రతి పనిరోజూ ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా డే బుక్, లెడ్జర్, స్టాక్ రిజిస్టర్, కంప్యూటర్ లెక్కలు చూసి నకళ్లు తీసుకోవడానికి అడ్డుపడరాదు.
4. జీఎస్టీ పోర్టల్‌కు అనుసంధానమైన ఫోన్ నంబరు, ఈమెయిల్ మార్చరాదు.

మూడోదానికి భాగస్వామ్య చట్టం సెక్షన్ 12 అండగా ఉంది. ఫర్మ్ పుస్తకాలు చూసే, నకలు తీసుకునే హక్కు ప్రతి పార్ట్‌నర్‌కూ ఉంది. నాలుగోది చాలామంది మరచిపోతారు. పోర్టల్ ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తుందో వాళ్ల చేతిలోనే ఫర్మ్ రిటర్నులు ఉంటాయి.

వీటితో పాటు మొదటి రోజే అడ్వొకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున వచ్చి చూసి రిపోర్టు ఇచ్చే వకీలును) వేయమని అడగండి. కమిషనర్ వచ్చి బస్తాలు లెక్కబెట్టి, ఫొటోలు తీసి, పుస్తకాల్లో చివరి ఎంట్రీ కింద సంతకం పెట్టి రిపోర్టు ఇస్తే మీ చేతికి ఒక కొలత దొరుకుతుంది. ఉదాహరణకు కమిషనర్ లెక్కలో 1,840 బస్తాలు ఉండి, రెండు నెలలకు 1,310 మిగిలి, అమ్మకం రిజిస్టర్‌లో ఏమీ లేకపోతే ఆ 530 బస్తాల జవాబు అవతలివాళ్లే చెప్పుకోవాలి. కమిషనర్ రిపోర్టు లేకుండా "సరుకు తరలించారు" అంటే అది మీ మాట, వాళ్ల మాట.

బత్తాయి లాంటి సరుకుకు "అమ్మరాదు" అనే ఆర్డర్ అడగకండి. కాయ కుళ్లితే నష్టం మీకూ ఉంటుంది, పైగా సరుకు పాడవుతోందనే సాకుతో ఆర్డర్ తీయించేస్తారు. ఆర్డర్ 39 రూల్ 6 కింద కోర్టు ద్వారా అమ్మి, వచ్చిన డబ్బు కోర్టులో జమ చేయమని అడగండి.

ఆర్డర్ అందించడం, అందినట్టు రుజువు పెట్టుకోవడం

అవతలివాళ్లు లేనప్పుడు వచ్చిన ఎక్స్ పార్టీ ఆర్డర్ అయితే ఆర్డర్ 39 రూల్ 3 ఒక షరతు పెడుతుంది. పిటిషన్, అఫిడవిట్, ప్లెయింట్ (దావా పత్రం), డాక్యుమెంట్ల కాపీలు అవతలివాళ్లకు చేతికి ఇవ్వాలి లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. పంపినట్టు ఆ రోజే, లేదా మర్నాడు అఫిడవిట్ వేయాలి. ఇది చేయకపోతే ఇంజంక్షన్ కొట్టేయమనడానికి మీరే దారి ఇచ్చినట్టు.

ఆర్డర్ వచ్చిన రోజునే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. కోర్టు నోటీసుకు బత్తా (నోటీసు పంపే ఖర్చు) వెంటనే కట్టండి. బత్తా కట్టక నోటీసు వెళ్లకుండా రెండు మూడు వాయిదాలు గడిచిపోవడం మామూలుగా జరుగుతుంది. ఆ మధ్యలో జరిగిన ఏ పనికీ "నాకు ఆర్డర్ తెలియదు" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది.

కోర్టు నోటీసు కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. ఆర్డర్ సంగతి ఏ దారిన తెలిసినా పాటించాల్సిందే, కాకపోతే తెలిసినట్టు మీరు చూపించాలి. వకీలు కవరింగ్ లెటర్‌తో రిజిస్ట్రేషన్ చేయించిన స్పీడ్ పోస్టు పంపండి, రసీదు, ట్రాకింగ్ కాగితం దాచండి. కవరు తీసుకోకుండా తిప్పి పంపితే దాన్ని విప్పకండి, మూసిన కవరే కోర్టులో సాక్ష్యం. ఫర్మ్ వ్యవహారాలకు వాడే వాట్సాప్ నంబరుకు, ఈమెయిల్‌కు ఆర్డర్ పీడీఎఫ్ పంపండి. మెసేజ్‌లో తిట్లు, బెదిరింపులు ఒక్కటీ ఉండొద్దు. ఆ మెసేజే రేపు జడ్జి చదువుతారు. అవతలి వకీలు హాజరై ఉండగా ఆర్డర్ వస్తే ఆ సంగతి డాకెట్‌లో (కేసులో ఆ రోజు ఏం జరిగిందో కోర్టు రాసే రికార్డులో) ఎక్కేలా చూడమని మీ వకీలుకు చెప్పండి.

బ్యాంకు బ్రాంచికి సర్టిఫైడ్ కాపీ స్వయంగా ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. గుమాస్తాకు, గోదాం ఇన్‌చార్జికి కూడా కాపీ ఇచ్చి సంతకం తీసుకోండి. ఆర్డర్ ఉందని తెలిసీ సరుకు ఎత్తించడానికి సాయపడినవాళ్లకు కూడా బాధ్యత పడుతుంది. ఆ మాట వాళ్లకు ముందే తెలిస్తే చాలాసార్లు లారీ గేటు దాటదు.

తప్పిన ప్రతిసారీ రాసిపెట్టాల్సినవి

ఒక నోట్‌బుక్ పెట్టుకుని తేదీ, సమయం, ఆర్డర్‌లో ఏ క్లాజు, ఎవరు చేశారు, ఎవరు చూశారు, ఏ కాగితం ఉంది అని వరసగా రాయండి. లారీ వెళ్తే నంబరు, వే బ్రిడ్జి కాటా చీటీ, గేట్ రిజిస్టర్ పేజీ. మిల్లు దొంగచాటుగా నడిస్తే కరెంటు మీటర్ రీడింగ్. డబ్బు తీస్తే బ్యాంకు ధ్రువీకరించిన స్టేట్‌మెంట్.

సాక్ష్యాలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని పిటిషన్ వేసే ముందే చూసుకోండి. 50 కిలోల బస్తాలు 300 వెళ్లాయని సాక్షి చెబితే అది 15 టన్నుల సరుకు. కాటా చీటీలో లోడు బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే దాదాపు అంతే రావాలి. 9 టన్నులే తేలితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్షి మాట అక్కడే పడిపోతుంది, దానితో పాటు మిగతా నిజాలు కూడా అనుమానంలో పడతాయి.

సీసీ కెమెరా డీవీఆర్‌లో పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంది, కాబట్టి సంగతి తెలిసిన వెంటనే కాపీ తీయించండి. వీడియోలు, వాట్సాప్ మెసేజ్‌ల కాపీలు పెట్టాలంటే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం ఫోను లేదా పరికరం వాడేవాళ్లు, రెండో భాగం నిపుణులు నింపాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. అసలు ఫోన్‌ను అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. తాళం పగలగొట్టి పుస్తకాలు తెచ్చుకోవడం, అవతలివాళ్ల ఈమెయిల్‌లోకి దూరడం లాంటివి ససేమిరా వద్దు. ఆర్డర్ మీ పక్షాన ఉండగా నేరం కేసు మీ మీద పడుతుంది.

ఏ పిటిషన్, ఎక్కడ

దావా నడుస్తుండగా ఇంజంక్షన్ తప్పితే ఆర్డర్ 39 రూల్ 2ఏ కింద ఆర్డర్ ఇచ్చిన కోర్టులోనే ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) వేయాలి. కోర్టు అతని ఆస్తిని అటాచ్ (జప్తు) చేయొచ్చు, మూడు నెలలకు మించకుండా సివిల్ జైలుకు పంపొచ్చు. ఈ రెండూ కలిపి కూడా వేయొచ్చని సమీ ఖాన్ కేసులో 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. అటాచ్‌మెంట్ ఏడాది దాకా ఉంటుంది. అప్పటికీ మాట వినకపోతే ఆస్తి అమ్మి అందులోంచి మీకు నష్టపరిహారం ఇప్పించే వీలుంది. వ్యాపారస్తుడికి జైలు కంటే ఈ అటాచ్‌మెంటే గట్టిగా తగులుతుంది. అందుకే అతని ఇల్లు, ప్లాటు, ఖాతాల వివరాలు సర్వే నంబర్లతో సహా షెడ్యూల్‌గా జతచేయండి. షెడ్యూల్ లేకపోతే కోర్టు దేన్ని అటాచ్ చేస్తుంది?

దావా డిక్రీ అయిపోయాక పర్మనెంట్ ఇంజంక్షన్ తప్పితే 2ఏ పనికిరాదు. ఆర్డర్ 21 రూల్ 32 కింద ఎగ్జిక్యూషన్ (డిక్రీ అమలు) పిటిషన్ వేయాలి. ఈ తేడాను కన్వర్ సింగ్ సైనీ కేసులో 2011లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. డిక్రీలో రావాల్సిన డబ్బు కట్టకపోవడం మామూలుగా ధిక్కారం కిందికి రాదు, అది వసూలు చేసుకునే పని.

హైకోర్టుకు 1971 కోర్టు ధిక్కార చట్టం కింద ఎప్పుడు వెళ్లాలి? ఆర్డర్ హైకోర్టే ఇచ్చినప్పుడు, లేదా అక్కడ ఇచ్చిన హామీ తప్పినప్పుడు. సెక్షన్ 10 కింద కింది కోర్టుల ధిక్కారాన్ని కూడా హైకోర్టు విచారించగలదు. కాకపోతే 2ఏ దారి ఉండగా నేరుగా వస్తే సాధారణంగా కింది కోర్టుకే వెళ్లమంటుంది. హైకోర్టు వేసే శిక్ష ఆరు నెలల దాకా సాధారణ జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సెక్షన్ 20 ప్రకారం ధిక్కారం జరిగిన తేదీ నుంచి ఏడాదిలోపు వేయాలి. "ఇప్పటికీ తప్పుతూనే ఉన్నాడు, కాబట్టి గడువు దాటలేదు" అనే వాదన మీద ఆధారపడకండి. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు.

ఇంకో తేడా కూడా ముఖ్యమే. 2ఏ పిటిషన్ కొట్టేస్తే ఆర్డర్ 43 కింద సి.ఎం.ఏ. (సివిల్ మిసిలేనియస్ అప్పీలు) వేసుకోవచ్చు. హైకోర్టులో ధిక్కార కేసు కొట్టేస్తే సెక్షన్ 19 కింద మీకు అప్పీలు లేదు. ఆ అప్పీలు శిక్ష పడినవాళ్లకే.

పెద్దమనుషుల పంచాయితీలో రాసుకున్న కాగితం తప్పితే ధిక్కారం కాదు. రాజీ కుదిరితే దాన్ని కోర్టులో దాఖలు చేయించండి. రాజీ మెమోలో "ఈ షరతులు పాటిస్తానని కోర్టుకు హామీ ఇస్తున్నాను" అనే వాక్యం అవతలి పార్ట్‌నర్ సంతకంతో విడిగా ఉండేలా చూడండి. ఉత్త రాజీ డిక్రీ తప్పితే ధిక్కారమా కాదా అన్న దాని మీద తీర్పులు రెండు వైపులా ఉన్నాయి. కోర్టుకిచ్చిన హామీని కావాలని తప్పితే మాత్రం అది ధిక్కార చట్టం సెక్షన్ 2(బి) కిందికి నేరుగా వస్తుంది.

పిటిషన్‌లో ఏం రాయాలి

ఫర్మ్ పేరు ఒక్కటే పెడితే చాలదు. ఆర్డర్ తప్పిన పార్ట్‌నర్ ఎవరో, ఏ పని చేశాడో విడివిడిగా రాయాలి. అఫిడవిట్‌లో ఒక్కో ఘటనకు ఒక్కో పేరా ఇలా ఉండాలి:

"2వ ప్రతివాది ఫలానా తేదీ రాత్రి 11 గంటల ప్రాంతంలో ఫలానా నంబరు లారీలో సుమారు 300 బస్తాల బియ్యం 'ఎ' షెడ్యూల్ గోదాం నుంచి బయటికి పంపారు. కాటా చీటీ జతచేశాను. స్టాక్ రిజిస్టర్‌లో ఈ ఎంట్రీ లేదు. నాకు ముందుగా తెలపలేదు. ఇది ఆర్డర్‌లోని 2వ క్లాజుకు విరుద్ధం. ఈ ఆర్డర్ ఆయనకు ఫలానా తేదీన అందినట్టు అక్‌నాలెడ్జ్‌మెంట్ ఉంది."

"పలుమార్లు ధిక్కరించారు", "దౌర్జన్యం చేశారు" లాంటి ఊకదంపుడు మాటలు తీసేయండి. పది బలహీనమైన ఘటనల కన్నా మూడు గట్టివి చాలు. శిక్షతో పాటు సీపీసీ సెక్షన్ 151 కింద ముందటి స్థితికి తెమ్మని, తీసిన డబ్బు జమ చేయించమని కూడా అడగండి. తప్పడం ఆగకపోతే పోలీసు సాయం కోసం, ఆర్డర్ 40 కింద రిసీవర్ (కోర్టు తరఫున ఆస్తిని చూసుకునే వ్యక్తి) కోసం వేరే పిటిషన్లు వేయొచ్చు. ఉత్త ఇంజంక్షన్ కాగితం పట్టుకుని స్టేషన్‌కు వెళ్తే "ఇది సివిల్" అని పంపించేస్తారు. పోలీసు సాయం ఇవ్వమని కోర్టు ఆర్డర్ ఉంటే ఆ మాట అనలేరు.

డీడ్‌లో వాటా భార్య పేరు మీదుండి వ్యాపారం భర్త నడిపే ఫర్మ్‌లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆడవాళ్లను సివిల్ జైలుకు పంపరన్నది డబ్బు డిక్రీల అమలుకు చెందిన రూలు, ధిక్కారానికి వర్తించదు. అలాగని ఏమీ తెలియని స్లీపింగ్ పార్ట్‌నర్‌ను (పేరుకే వాటా ఉండి వ్యాపారం చూడనివాళ్లను) ఇరికించకండి. తనకు తెలియకుండా జరిగిందని చూపించుకుంటే ఆమె బయటపడుతుంది, మీ కేసు కక్ష కేసులా కనిపిస్తుంది. ఆర్డర్ తెలిసీ చేసింది భర్త అయితే ఆయన్నే పార్టీగా పెట్టండి.

విచారణ చిన్న ట్రయల్‌లాగే సాగుతుంది: కౌంటర్, సాక్షులు, క్రాస్. జైలు దాకా పోయే వ్యవహారం కాబట్టి కోర్టు గట్టి రుజువు అడుగుతుంది, కావాలనే తప్పినట్టు తేలాలి. వాన నీళ్లు గోదాంలోకి వచ్చి బస్తాలు పక్క షెడ్డుకు మార్చి, రిజిస్టర్‌లో రాసి ఉంటే దాన్ని ధిక్కారం అనరు. వాయిదాలు ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ (కేసు గుర్తింపు) నంబరుతో చూసుకోండి, మీరు సాక్ష్యం చెప్పాల్సిన రోజు తప్పిపోకండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలు దొరుకుతారు.

ఆర్డర్ మీ మీదే ఉంటే

ఆర్డర్ తప్పని మీకు అనిపించినా, ఆ కోర్టుకు అధికారమే లేదని మీ వకీలు చెప్పినా, కొట్టేసేదాకా పాటించండి. తర్వాత ఆ ఆర్డర్ రద్దయినా, అమల్లో ఉన్నప్పుడు తప్పినందుకు శిక్ష పడొచ్చు. వ్యాపారం ఆగిపోతుంటే ఆర్డర్ 39 రూల్ 4 కింద మార్చమని అడగండి. కూలీల జీతాలు, కరెంటు బిల్లు, బ్యాంకు కిస్తీ ఇంతింత అని లెక్క చూపిస్తే వాటి వరకు ఖాతా నుంచి తీసుకోవడానికి అనుమతి దొరికే అవకాశం ఉంటుంది. అర్థం కాని క్లాజు ఉంటే వివరణ కోరుతూ పిటిషన్ వేయండి, సొంత అర్థం చెప్పుకుని ముందుకు పోకండి.

ఇప్పటికే తప్పి ఉంటే సాకులు వెతకడానికి ముందు దాన్ని సరిచేయండి. తీసిన డబ్బు జమ చేయండి, సరుకు ఉంటే వెనక్కి తెండి, ఆ రసీదులతో కలిపి మొదటి వాయిదాకే క్షమాపణ అఫిడవిట్ వేయండి. శిక్ష ఖాయమని తేలాక చెప్పే క్షమాపణకు విలువ తక్కువ. అప్పీలు వేశాం కదా అని నిబ్బరంగా కూడా ఉండకండి. జిల్లా కోర్టుకు సి.ఎం.ఏ. వేయడానికి గడువు 30 రోజులు, వేసినంత మాత్రాన కింది ఆర్డర్ ఆగదు. పై కోర్టు స్టే ఇచ్చేదాకా బ్యాంకు ఖాతాను, గోదాం తాళాన్ని ఆర్డర్‌లో రాసినట్టే ఉంచండి.